గ్లాసులు దించని ఫొటో

నిజం చెప్పండి, నలుగురితో కలిసి పబ్బులో కూర్చున్నప్పుడు ఎవరో ఫొటో అనగానే మీ ముందున్న గ్లాసు తీసి బల్లకింద పెట్టారా లేదా?

పెట్టే ఉంటారు. అమెరికాలో మన తెలుగువాళ్లు చేరిన ఏ పబ్బులోనైనా ఈ తంతు చూడవచ్చు. ఫోన్ పైకి లేవగానే చేతులు వాటంతటవే కదులుతాయి. బీరు గ్లాసులు కాళ్ల దగ్గరికో, సీటు మూలకో, మెనూ కార్డు వెనక్కో వెళ్లిపోతాయి. బల్లమీద కోడిరెక్కల పళ్లెమూ మంచినీళ్లూ మిగులుతాయి. ఫొటో అయిపోయాక అందరూ వంగి ఎవరి గ్లాసు వాళ్లు పైకి తెచ్చుకుంటారు. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు. ఆ ఫొటో చూసేది పెద్దమ్మ కావచ్చు, బావమరిది కావచ్చు, గుడి కమిటీవాళ్లో చర్చి పెద్దలో కావచ్చు.

ఈ తంతు చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను వాదనల్లో పెరిగినవాణ్ని. కాలేజీ రోజుల్లో మా ఊరి గ్రంథాలయం మేడమీద ఆదివారం ఆదివారం చర్చలు జరిగేవి. ముహూర్తాలు, వాస్తు, దిష్టి, కులాంతర వివాహాలు, ఏదైనా సరే లేచి నిలబడి మాట్లాడాలి, ఎదుటివాడి మాటలో బొక్క ఎక్కడుందో పట్టుకోవాలి. ఇక్కడికి వచ్చాక పగలు కంపెనీల డేటాబేసులు చూసుకుంటూ, తీరిక దొరికితే తెలుగులో వ్యాసాలు రాస్తున్నాను. దాచుకుని చేసే ప్రతి పనీ మనిషిని బానిసను చేస్తుందని వాటిలో పదే పదే రాశాను. ఆ మాట తప్పని ఇవాళ కూడా అనను. ఆ మాటను అడ్డం పెట్టుకుని నేనొక మనిషికి చేసిన అన్యాయం గురించే ఇప్పుడు చెబుతున్నాను.

అమెరికా తూర్పు తీరాన, పార్సిప్పనీ అనే ఊరికి పక్కనే మేముండే చిన్న టౌను. మెయిన్ స్ట్రీట్‌లో ఒక బ్యాంకు, ఒక పిజ్జా కొట్టు, ఒక డ్రైక్లీనింగు షాపు, మూలమీద ఈ పబ్బు. ఊరూరా ఉండే చెయిన్ పబ్బే. ఎక్కడికి వెళ్లినా అవే నల్ల కర్ర బల్లలు, అవే ప్లాస్టిక్ అట్ట మెనూలు, తల తిప్పిన ప్రతిచోటా టీవీలు. గోడలకు పాతకాలపు వీధుల ఫొటోలు తగిలించి ఉంటాయి. అవి మా ఊరివి కావు. ఇంకో రాష్ట్రంలో అదే కంపెనీ పబ్బుకు వెళ్తే అక్కడా అవే వీధులు కనిపించాయి.

ఆ శనివారం మధ్యాహ్నం మేం ముగ్గురం అక్కడ కూర్చున్నాం. ఒకడు వరంగల్ వైపు కుర్రాడు. కుర్రాడంటే నలభై ఏళ్లవాడు, నాకంటే చిన్న. టెక్సస్‌లో ఉద్యోగం దొరికి, ఆ వారంలోనే కుటుంబంతో అక్కడి కాపెల్‌కి మారిపోతున్నాడు. అతని వీడ్కోలు కోసమే కలిశాం. రెండోవాడు బాపట్ల వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేస్తాడు. వాళ్లిద్దరూ ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకే గదిలో ఉన్నారు. బాపట్ల తమ్ముడు పుట్టుకతో క్రైస్తవుడు, చుక్క ముట్టడు. అలాంటి చోట్లకి పిలిస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు రూమ్మేటు కోసం వచ్చాడు. కొంత నా పోరు పడలేక కూడా వచ్చాడు. “పబ్బు గడప తొక్కితే నీ విశ్వాసం కరిగిపోతుందా?” అని ఫోన్లో ఎగతాళి చేసింది నేనే.

ఈ తమ్ముడి గురించి ఇంకొక సంగతి చెప్పాలి. వాళ్ల తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని కూడుకునేది. కింది గదిలో అతను పిల్లలకు తెలుగు నేర్పేవాడు. గెంతించి, పాడించి, చేతుల్తో గాలిలో రాయించి అక్షరాలు చెప్పేవాడు. వారమంతా ఆఫీసులో తలొంచుకుని పనిచేసుకునే ఆ మనిషి అక్కడ మాత్రం సింహంలా ఉండేవాడు. చుట్టుపక్కల వేరే తెలుగు బడి లేదు. నాస్తికుణ్నైన నేను నా తొమ్మిదేళ్ల కూతుర్ని ఆ క్లాసుకే పంపేవాణ్ని. ప్రార్థన అయ్యాక తీసుకొస్తానని షరతు పెడితే, “అక్షరాలకు మతమేముంది అన్నయ్యా, ఎప్పుడొస్తే అప్పుడే మొదలు” అన్నాడు. ఆరు నెలల్లో మా అమ్మాయి గుణింతాలు దాటింది.

పబ్బులో మా ఇద్దరికీ బీర్లొచ్చాయి. అతను జింజర్ ఏల్ తెప్పించుకున్నాడు. మన అల్లం సోడాలాంటిదే. అదీ అలాంటి పొడుగాటి గాజు గ్లాసులోనే, అదే బంగారు రంగుతో వచ్చింది. తిన్నాం, నవ్వుకున్నాం. మా బల్లకు వడ్డించే అమ్మాయి వచ్చి, ముగ్గురికీ కలిపి ఫొటో తీయమంటారా అని అడిగింది. వరంగల్ తమ్ముడు అప్పుడే కిందికి దించడానికి మూడు గ్లాసులూ ఒడుపుగా పట్టుకున్నాడు.

“పెట్టవయ్యా అక్కడ!” అన్నాను.

“ఏ, ఊకో అన్నా! మా అత్తమ్మ ఫేస్‌బుక్‌ల ఉన్నది. నా గ్లాస్ కనవడ్డదంటే కాపెల్ పోవుడు కాదు, నన్ను ఇంట్లకే రానియ్యరు.”

“నలభై ఏళ్లొచ్చాయి, ఇంకా అత్తకి భయమా?”

“షురూ చేసిండు లెక్చర్,” అని అతను నవ్వుతూ గ్లాసులు బల్లమీద పెట్టేశాడు.

బాపట్ల తమ్ముడు నెమ్మదిగా అన్నాడు. “అన్నయ్యా, నాదొక్కటీ తీసెయ్యనివ్వండి. చర్చివాళ్లు చూస్తే బాగోదు.”

“నువ్వు తాగేది సోడా. సోడాక్కూడా దాక్కోవాలా?”

గ్లాసు అలాగే ఉంది. అమ్మాయి ఫొటో తీసింది.

ఇంటికెళ్లి ఆ ఫొటో నా ఫేస్‌బుక్ పేజీలో పెట్టాను. ఇద్దర్నీ అడగలేదు. కింద ఇలా రాశాను: “ముగ్గురం తెలుగువాళ్లం. మా గ్లాసులు బల్లమీదే ఉన్నాయి. తాగింది దాచుకునే పిరికితనం మాకు లేదు.” మొదట రాసినప్పుడు “మాలో ఒకరిది అల్లం సోడా” అనే వాక్యం కూడా ఉంది. చదువుకుంటే అది అడ్డంగా తగిలింది, దెబ్బ తగ్గినట్టనిపించింది. తీసేశాను. పోస్టు చాలామంది పంచుకున్నారు, మెచ్చుకున్నారు. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

తర్వాతి ఆదివారం చర్చి పెద్దలు బాపట్ల తమ్ముణ్ని కొన్నాళ్లు పిల్లల క్లాసు ఆపమన్నారు.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా మా అపార్ట్‌మెంటుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి.

“ఒక్క మాట సాయం కావాలన్నయ్యా. పెద్దలు నామీద కోపంగా ఏం లేరు. నా గ్లాసులో ఉన్నది సోడా అని మీరొచ్చి ఒక్కసారి చెబితే క్లాసు తీసుకోమన్నారు. ఫోన్ చేసినా చాలట. అదీ కుదరకపోతే ఆ పోస్టులో ఒక్క లైను కలపండి.”

“నేనెందుకు చెప్పాలి?”

“నిజం కాబట్టి.”

“నిజమే. కానీ ఇతను తాగలేదు, నమ్మండి అని నేను చెబితే, తాగడం నేరమని ఒప్పుకున్నట్టే కదా? నువ్వేం తాగావో విచారించే హక్కు వాళ్లకు ఎవరిచ్చారు?”

“నేనే ఇచ్చాను. వాళ్ల పిల్లల్ని తెచ్చి నా దగ్గర కూర్చోబెడుతున్నారు. ఆ మాత్రం అడగరా?”

అక్కడితో నేను ఆగాల్సింది. ఆగలేదు. వ్యక్తి స్వేచ్ఛ గురించి, మతసంస్థల పెత్తనం గురించి గంటసేపు మాట్లాడాను. అతని ప్రతి మాటకూ నా దగ్గర జవాబుంది. నీకు ఆత్మగౌరవం ఉంటే సంజాయిషీ ఇవ్వకుండా బయటికి రావాలి అని కూడా అన్నాను. అతను వింటూ నిలబడ్డాడు.

“నేను వాదించడానికి రాలేదన్నయ్యా,” అని తలుపు తీసుకుని వెళ్లాడు.

నెలలోపు కాపెల్ నుంచి ఫోనొచ్చింది. వరంగల్ తమ్ముడి గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

“అన్నా, ఒక్క మాట చెప్తే ఏం పోతుండె నీకు? నేను ఫోన్ జేసిన వాళ్ల పెద్దమనిషికి. మంచిగనే మాట్లాడిండు. కాని రాసింది ఆయన, ఆయననే చెప్పమనుండ్రి అన్నడు. ఫొటోల నా గ్లాస్ గూడ ఉన్నది. మా అత్తమ్మ రెండు దినాలు తిట్టింది, మర్శిపోయింది. నాకేం పోలే. నీకు లైకులొచ్చినయ్. పోయింది ఎవనిదో తెలుసా? తాగనోనిది.”

“అది సిద్ధాంతం, నీకర్థం కాదు,” అన్నాను.

“నాకు అర్థం గాకున్నా మంచిదే గాని, నువ్వైతే పోయి చెప్పు.”

పోలేదు. పబ్బుకు మాత్రం మళ్లీ రెండు మూడుసార్లు వెళ్లాను, వేరేవాళ్లతో. ఫొటో అనగానే వాళ్లు గ్లాసులు దించేవాళ్లు. నేను మాట్లాడేవాణ్ని కాదు. ఎందుకు మాట్లాడటం లేదని నన్ను నేను అడుక్కోలేదు. ఇతరుల మనసులో దూరి ప్రశ్నించే నాకు ఆ ఒక్క ప్రశ్నా తట్టలేదంటే నమ్మకండి. తట్టింది, తోసేశాను.

ఆదివారాలు మా అమ్మాయి ఇంట్లోనే ఉండసాగింది. “నాన్నా, అంకుల్ ఎందుకు క్లాస్ స్టాప్ చేసాడు? మేము ఏమైనా బ్యాడ్ చేసామా?” అని అడిగింది. లేదమ్మా అన్నాను. చాలా నెలల తర్వాత ఒక ఆదివారం నేనే నేర్పుతానని కూర్చున్నాను. ఒత్తు తప్పుగా రాస్తే ఎందుకు తప్పో వివరించాను. మళ్లీ తప్పితే మళ్లీ వివరించాను. పది నిమిషాల్లో దాని కళ్లలో నీళ్లొచ్చాయి. “అంకుల్ ఇట్లా చెప్పడు. అంకుల్ నవ్విస్తాడు,” అని పుస్తకం మూసేసి వెళ్లిపోయింది. ఆ నోటుపుస్తకంలో అతను చివరగా రాసిచ్చిన పేజీ ఉంది. పిల్లలు చూసి రాసుకోవడానికి పెన్సిలుతో పలచగా గీసిన అక్షరాలు. పేజీ సగం వరకు వాటిమీద అమ్మాయి దిద్దింది. మిగతా సగం అలాగే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం చర్చికి వెళ్లాను. అప్పటికి క్లాసు ఆగి తొమ్మిది నెలలు గడిచాయి.

ఆరాధన అయిపోయి భోజనాలు జరుగుతున్నాయి. సంఘ పెద్ద అరవై దాటిన మనిషి, ఫార్మసీలో పనిచేస్తాడట. వందనాలండీ అని కుర్చీ చూపించాడు. నేను కూర్చోకుండా గబగబా చెప్పేశాను. ఆ గ్లాసులో సోడా ఉంది, అతను తీసేస్తానంటే నేనే ఉంచమన్నాను, అడగకుండా ఫొటో పెట్టాను, సోడా అని రాసిన వాక్యం కావాలనే తీసేశాను.

ఆయన తల ఊపాడు. “అతను తాగడని మాకు ముందే తెలుసండీ. కానీ మీరు రాసింది తల్లిదండ్రులందరి ఫోన్లలోనూ ఉంది కదా. వాళ్లకు చూపించడానికి మీ మాట ఒకటి కావాల్సొచ్చింది. అప్పుడే వచ్చుంటే బాగుండేది. ఇప్పుడు పిల్లలు లేరండీ. కొందరు ఈతకు వెళ్తున్నారు, కొందరు కరాటేకి. ఆ గది కూడా వదిలేశాం.”

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. దానికి నేను సిద్ధపడి రాలేదు. తిడతారని, తిడితే తిప్పికొడదామని దారి పొడవునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను.

తమ్ముడు హాలు చివర కుర్చీలు మడతపెట్టి గోడకు ఆనిస్తున్నాడు. నన్ను చూసి, “వచ్చారా అన్నయ్యా, భోంచేసి వెళ్లండి,” అన్నాడు. క్షమించమన్నాను. పర్లేదన్నాడు. మళ్లీ క్లాసు మొదలుపెట్టమన్నాను, మా ఇంట్లోనే పెట్టమన్నాను, పిల్లల్ని నేనే పోగుచేస్తానన్నాను. పోస్టు ఆ ఉదయమే తీసేశానని చెప్పాను.

అతను ఇంకో కుర్చీ మడిచాడు. “వద్దన్నయ్యా. ఇప్పుడు పిల్లల ముందు నిలబడితే, తలుపు దగ్గర వాళ్లమ్మలు ఏమనుకుంటున్నారో అనే నా మనసులో ఉంటుంది. అట్లా ఉన్నప్పుడు గెంతులు రావు.”

ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఇంకా బతిమాలుతుంటే అదీ నా వాదనలాగే వినిపించింది. ఆపేశాను. అమ్మాయికి వారానికోసారి వీడియోలోనైనా చెప్పమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ మనిషిని అడగడానికి నాకేం మిగిలింది?

నేను ఇవాళ్టికీ నాస్తికుణ్నే. వయసొచ్చిన మనుషులు ఏం తాగారో విచారించే అధికారం ఏ సంఘానికీ లేదని ఇవాళ్టికీ వాదిస్తాను. కానీ అతను అడిగింది నా సిద్ధాంతాన్ని వదులుకోమని కాదు. ఒక గ్లాసులో ఏముందో చెప్పమన్నాడు. హేతువాదినని చెప్పుకునేవాడు తెలిసిన వాస్తవాన్ని దాచిపెట్టాడు, అదీ దాపరికం మీద యుద్ధం పేరుతో. అతని తొమ్మిది నెలల ఆదివారాలు నేను తిరిగి ఇవ్వలేను. వాళ్ల సంఘం ఆ సంగతి వదిలేసింది. పిల్లలు మరిచిపోయారు. అతను మాత్రం ఇప్పుడు సెలవురోజు కూడా తలొంచుకునే ఉంటున్నాడు.

మీకు అలాంటి మనిషి ఎవరో ఒకరు ఉంటారు. మీరన్న మాటో, రాసిన ముక్కో, పంపిన ఫొటోనో అతని పేరును పట్టుకుని ఉంటుంది. దాన్ని విడిపించగల వాస్తవం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. మీరు వెళ్లకపోవడానికి మంచి కారణం కూడా ఉంటుంది, అది వినడానికి బాగానే ఉంటుంది. ఆ కారణాన్ని నాకు చెప్పకండి. ఈ ఆదివారం దాటనివ్వకుండా వెళ్లండి. గుడైతే గుడికి, చర్చి అయితే చర్చికి, అత్తవారిల్లైతే అత్తవారింటికి, మీకు గిట్టని ఆ గడపలోకే వెళ్లి నిలబడి, జరిగింది జరిగినట్టు నోరు తెరిచి చెప్పండి. వాళ్లతో వాదన ఉంటే ఇంకో రోజు పెట్టుకోండి.