అవతలివాడి మాట

మామయ్య పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. సరిగ్గా అప్పుడు నేను ఆయన్నే తిట్టుకుంటున్నాను. మా మామిడితోటలో చిన్నరసాలు కోతకొచ్చాయి. మా ట్రాక్టరు వెళ్ళే దారికి పక్కతోట రైతు ముళ్ళకంచె వేశాడు. కూలివాళ్ళు కాయను గంపల్లో రోడ్డు దాకా మోస్తున్నారు. ఇన్నేళ్ళు ఎమ్మెల్యేగా ఉన్న మనిషి ఒక్క ఫోను చేస్తే తేలే పని అది. చెయ్యకుండానే వెళ్ళిపోయారు.

చెయ్యరని నాకు ముందే తెలిసుండాలి. ఈ సంతాపసభకొచ్చిన మీలో ఆయన గుమ్మం తొక్కినవాళ్ళకు తెలిసే ఉంటుంది. నూజివీడు కోర్టులో ప్లీడరుగా ఉన్నప్పుడే ఆ జబ్బు పట్టుకుంది. కేసు తెచ్చినవాళ్ళు ముందు అవతలివాడి వాదన తమ చేత్తో రాసివ్వాలి. సగం మంది విసుక్కుని ఇంకో ప్లీడరు దగ్గరికి పోయేవారు. మిగిలినవాళ్ళు కోర్టు మెట్లెక్కకుండానే రాజీపడిపోయేవారు. ఆ ప్రాక్టీసుతో ఇల్లెలా గడిచిందో అత్తయ్యకే తెలియాలి.

నల్లకోటు వదిలి ఎమ్మెల్యే అయ్యాక కూడా మారలేదు. అసెంబ్లీలో ఒకసారి ఆయనకిచ్చిన టైమంతా ప్రతిపక్షం వాదన చెప్పడానికే సరిపోయింది. తన వాదన మొదలుపెట్టేసరికి మైకు కట్టయింది. టీవీ ముందు మేమందరం తలలు పట్టుకున్నాం. ఇంటికొచ్చాక అడిగితే, "వాళ్ళ మాట బాగానే చెప్పానుగా" అన్నారు. అయినా జనం ఆయన్ని మళ్ళీ మళ్ళీ ఎందుకు గెలిపించారో నాకు అర్థమయ్యేది కాదు.

దారి గొడవ చెప్పుకుందామని వెళితే నా ముందూ కాగితం, పెన్నూ పెట్టారు.

"కంచె ఎందుకు వేశాడో రాయమ్మాయ్."

"నేను మీ క్లయింటుని కాదు మామయ్యా, మేనకోడల్ని."

"అయితే ఇంకా వివరంగా రాయి."

ఒళ్ళు మండింది. కోపంతోనే మొదలుపెట్టాను. మా ట్రాక్టరు ఏటా అతని డ్రిప్పు పైపులు తొక్కేస్తుందని, నీళ్ళందక లేతమొక్కలు ఎండిపోయాయని, నేను ఒక్కసారైనా వెళ్ళి పలకరించలేదని. రాస్తూ రాస్తూ నా చెయ్యి నెమ్మదించింది. మామయ్య చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "చూద్దాంలే" అన్నారు. రెండు నెలలు చూస్తూనే ఉన్నారు.

పోయిన మూడో రోజు అత్తయ్య ఒక ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నా కాగితం వెనక ఇంకో కాగితం, రెంటికీ ఒకటే గుండుసూది. రెండోది పక్కతోట రైతు రాసింది. "ఆవిడ ఒక్కత్తే తోట చూసుకుంటోంది. దారి లేకపోతే కాయ చెట్టుమీదే పండి రాలిపోతుంది. పైపులు తొక్కింది డ్రైవరు, ఆవిడ కాదు." నా బాధ నేనైనా అంత బాగా చెప్పుకోలేను. కింద మామయ్య చేతిరాత: "ఇద్దరినీ పిలవాలి."

పిలవలేదు. అన్నీ సిద్ధం చేసుకుని, ఆ ఒక్క పనీ మిగిల్చి పోయారు. ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

ఇక నేనే ఫైలు పట్టుకుని వెళ్ళాను. పక్కతోట రైతు నా కాగితం రెండుసార్లు చదివాడు.

"నాచేతా రాయించారమ్మా. ఎంత తిట్టుకున్నానో."

కొడవలి తెచ్చి కంచె కట్లు కోశాడు. పైపులు చెరో కొసా పట్టుకుని పక్కకు జరిపాం. ట్రాక్టరు లోపలికి వెళ్ళాక చూస్తే, ఫైలు ఇంకా అతని చంకలోనే ఉంది. నేను తిరిగిమ్మని అడగలేదు.