డీవీడీ రికార్డర్‌కు బదులు నా సెల్‌ఫోన్

నారాయణఖేడ్‌లో డీవీడీ రికార్డర్ కాలం చేసిందని చింతిస్తూ తెలియజేస్తున్నాను.

మా అమ్మమ్మ పోయి ఏడాదైంది. ఆమె గొంతు ఇప్పుడు చిన్నమ్మ పెళ్లి వీడియో క్యాసెట్‌లో తప్ప ఎక్కడా లేదు. దాన్ని డీవీడీలోకి ఎక్కించమని పొద్దున ఫోటో స్టూడియో సాయిలన్నను అడిగాను.

"గా మిషన్ ఖరాబైంది తమ్మీ. కొత్తది కొందామంటే హైదరాబాద్‌ల గూడ దొరుకుతలేదు. ఇంట్ల టీవీల పెట్టి సెల్‌ఫోన్‌ల తీస్కో," అన్నాడు.

పక్కింటివాళ్ల పాత వీసీఆర్ తెచ్చాను. ఫ్యాన్ ఆపాను. షూటింగ్ అయ్యేదాకా దగ్గు కూడా వినిపించకూడదని దర్శకుడి హోదాలో అమ్మకు ఆజ్ఞ జారీ చేశాను.

టీవీలో, పెళ్లి భోజనాల దగ్గర అమ్మమ్మ కెమెరాలోకి చూసి, వీడియో తీసేవాణ్ని అడిగింది: "తిన్నవా బిడ్డా?"

"తిన్ననే అవ్వా," అంది నా వెనక నుంచి అమ్మ, వాళ్లమ్మతో.

దర్శకుణ్ని కదా, రెండో టేక్ తీయాలి. తీయలేకపోయాను. పొద్దుటి నుంచి ఆ క్యాసెట్ కోసమే కూర్చున్న అమ్మ నిజానికి ఏమీ తినలేదు.

మీలో ఎవరి దగ్గరైనా నడిచే డీవీడీ రికార్డర్ ఉంటే చెప్పండి. లేదంటే షూటింగ్‌కు ముందు మీ అమ్మకు అన్నం పెట్టండి.