ఉదయం ఏడింటి పొర

ఉదయం ఏడింటికి పడవవాడు రిజర్వాయరు మధ్యలో ఒక నూనె చుక్క వేస్తాడు. చుక్క ముద్దగా నిలబడితే నీటి మీద పొర ఉన్నట్టు. రంగులు తేలి పరుచుకుపోతే లేనట్టు. పదకొండేళ్ళుగా ప్రతి వేసవిలోనూ ఇదే పని.

పొర కంటికి ఆనదు. సాయంత్రం అతను చల్లే తెల్లటి మైనపు పొడి నీటి మీద పాకి, ఒకే ఒక్క అణువు మందాన కమ్ముకుంటుంది. నీరు ఆవిరి కాకుండా మూతలా కాస్తుంది. అందుకే ఊరందరికీ అతను పొడి మామ. వాళ్ళు తాగేవి ఆ రిజర్వాయరు నీళ్ళే.

మధ్యాహ్నం రెండు దాటితే కొండవైపు నుంచి గాలి లేస్తుంది. పొరను చాపలా చుట్టి గట్టుకు తోసేస్తుంది. రాళ్ళ మీద తెల్లటి చార మిగులుతుంది. సాయంత్రం మళ్ళీ చల్లితే తెల్లారేసరికి సర్దుకుంటుంది. చుక్క ఏం చెప్పిందో రాసే రిజిస్టరులో ఉన్నది ఏడు గంటల గడి ఒక్కటే. ఈ వేసవిలో అందులో ఎనభై రోజులు వరసగా "ఉంది" అని రాశాడు.

ఒకసారి రిజర్వాయరు ఇంజినీరు దగ్గర ఈ గాలి విషయం ఎత్తాడు. "ఏడింటికి ఉందా? ఉంటే ఉందని రాయి మామా. మధ్యాహ్నం సంగతి నిన్నెవరడిగారు?" అన్నాడాయన. కోరి కొరివితో తల గోక్కోవడమెందుకని ఇతనూ ఊరుకున్నాడు.

ఆ "ఉంది"లను బట్టే రోజంతా పొర ఉంటుందని లెక్కేసి ఇంజినీరు వానల దాకా నీటికి ఢోకా లేదని తేల్చాడు. అది నమ్మి ఊళ్ళో నీళ్ళ కోత పెట్టలేదు. ఆసుపత్రి ట్యాంకర్లు మాట్లాడుకోలేదు. నీటిమట్టం మాత్రం లెక్క కంటే వేగంగా దిగింది. గట్టుకు కన్నం పడిందనుకుని మూడు వారాలు వెతికారు. కన్నం లేదు.

అతని భార్యకు మూత్రపిండాలు పాడై మూడేళ్ళు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రతిసారీ యంత్రానికి వంద లీటర్లకు పైగా శుద్ధమైన నీరు కావాలి. "ఏవయ్యా, నీ పొడి కాపాడేది నీళ్ళనా, నీ కొలువునా?" అని ఆమె ఆటపట్టించేది.

సోమవారం నర్సు చెప్పింది: నీళ్ళు చాలడం లేదు, ఇకపై రెండుసార్లే, వచ్చే నెల నుంచి ఒక్కసారే.

తిరుగు బస్సు మూడింటికి గట్టు మీదుగా వచ్చింది. వాచిన కాళ్ళకు పట్టని చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఆమె కిటికీలోంచి చూసింది.

"రాళ్ళ మీద ఆ తెల్లటిదేంటి?"

"పొర. గాలి తోసేసింది."

"రోజూనా?"

"రోజూ."

"రాశావా?"

"దానికి గడి లేదు."



మర్నాడు మధ్యాహ్నం మూడింటికి అతను పడవ తీశాడు. చుక్క వేశాడు. రంగులు పరుచుకున్నాయి. రిజిస్టరు అంచున చేత్తోనే ఒక గడి గీసి, "మూడు గంటలు: లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

ఆ రోజుకు మిగిలిన నీటిమట్టం ఒక మీటరు పది సెంటీమీటర్లు. వానలకు ఇంకా నలభై ఆరు రోజులు.