దాసన్న తీసుకుపోయిన కబురు

మా సంఘంలో ఎవరు చనిపోయినా ఊరూరా తిరిగి బంధువులకు చెప్పి వచ్చేది దాసన్నే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పత్తికొండ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరి ఆడబిడ్డను ఎక్కడిచ్చారో అంతా ఆయనకు నోటికి వచ్చు. ఒకప్పుడు సైకిల్ మీద వెళ్ళేవాడు, మోకాళ్ళు పోయాక బస్సుల్లోనూ ఆటోల్లోనూ తిరిగేవాడు.

ఆయనకో పద్ధతి ఉంది. గడపలో నిలబడి చావు కబురు చెప్పడు. "అక్కా, కొన్ని నీళ్ళియ్యి" అని కూర్చుంటాడు. ఎండల గురించి, బోర్లు ఎండిపోవడం గురించి మాట్లాడతాడు. ఆ తర్వాత "మీవాళ్ళకు ఒంట్లో బాగలేదంట, చూసొద్దాం పా" అంటాడు. నాలుగు ముద్దలు తినిపించాకే అసలు సంగతి బయటపెడతాడు. ఆయన గడపలో కనిపిస్తేనే ఎవరికైనా సగం తెలిసిపోతుంది. అయినా ఎవరూ ముందుగా అడగరు. పెట్టింది తింటారు. "మట్టి చేసేదాకా మళ్ళా మెతుకు దిగదమ్మా. ఏడ్చేదానికన్నా ఒంట్లో సత్తువ ఉండాల గదా" అనేవాడు నాతో.

నా పేరు కృపమణి. మా చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని. మూడేళ్ళ కిందట సంఘానికి వాట్సాప్ గ్రూపు పెట్టింది నేనే. ఎవరైనా పోతే ఒక ఫొటో, సమాధి చేసే టైము అందులో పెడతాను. ఐదు నిమిషాల్లో కర్నూలు నుంచి, బెంగళూరు నుంచి జోడించిన చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. ఎంత సులువైపోయిందో అని మురిసిపోయాను కూడా. దాసన్నను పంపేవాళ్ళు తగ్గిపోయారు. ఒకసారి దేవనకొండ దాకా పోతే, ఆ ఇంటి కోడలు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "తెలుసులే పెద్దాయనా, పొద్దున్నే చూసినాం" అన్నదట. నీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చాడు. "నువ్వూ ఒక ఫోను పెట్టుకో దాసన్నా" అంటే, "నాకెందుకమ్మా? నా నోటికేమన్నా తెగులా?" అన్నాడు. నవ్వాను గానీ, లోపల ఆయన మొండితనానికి నాకు విసుగే.

మొన్న ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున యాకోబు చనిపోయాడు. ఆయనకు తోడబుట్టింది ఒక్క అక్క, మార్తమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. కోడుమూరు అవతల పల్లెలో ఉంటుంది, డెబ్బై దాటినా ఉపాధి పనికి పోతుంది. ఆమెకు ఫోను లేదు. బెంగళూరులో గోడలకు రంగులు వేసే మనవడు మాత్రం మా గ్రూపులో ఉన్నాడు.

యాకోబు కొడుకు యేసుప్రసాద్ దాసన్న చేతులు పట్టుకున్నాడు. "మామా, అత్తకు ఇంకెవురు చెప్పినా తట్టుకోదు. నువ్వే పోయి పిల్చుకొని రా. సాయంత్రం ఐదు గంటలకు మట్టి. అత్త ముఖం చూడంది పెట్టె మూయం" అన్నాడు. చాన్నాళ్ళకు పని తగిలింది దాసన్నకు. ఉతికిన చొక్కా తొడుక్కుని ఏడింటికల్లా బయల్దేరాడు.

పదిన్నరకు కరెంటు పోయింది. శవాన్ని పెట్టిన ఫ్రీజర్ ఆగిపోయింది. జనరేటర్ కోసం ఎంతమందికి ఫోన్ చేసినా పెళ్ళిళ్ళ రోజులు, ఒక్కటీ దొరకలేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పన్నెండు దాటేసరికి పెద్దలు ఇక ఆగితే బాగుండదన్నారు, రెండింటికే మట్టి చేద్దామన్నారు. నేను గ్రూపులో టైము మార్చి పెట్టాను. చేతులు వచ్చాయి. మార్తమ్మ మనవడి చేతులు కూడా వచ్చాయి. వాటిని చూసి నేనే యేసుప్రసాద్‌తో, "పిల్లోడు చూసినాడు, అవ్వకు ఎవరిచేతనన్నా చెప్పించింటాడు. దారిలో ఉంటారులే" అన్నాను. దాసన్న అవ్వ దగ్గరే ఉన్నాడు గదా, ఆయన చెప్పుకుంటాడని ఆ పిల్లోడు అనుకున్నాడట. దాసన్నకు ఎవరు చెప్పాలి? ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు. తట్టి ఉంటే ఆ ఊళ్ళో ఎవరి నంబరో ఒకటి పట్టుకునేవాళ్ళం గదా!

రెండున్నర దాకా ఆగాం. "ఇంకొంచేపు చూద్దామప్పా" అని యేసుప్రసాద్ ఒక్కొక్కరినీ బతిమాలాడు. వాసన మొదలైంది. పెట్టె మూసేశారు.

నాలుగు గంటలకు వీధి మొగలో ఆటో ఆగింది. దాసన్న మార్తమ్మ చెయ్యి పట్టుకుని దించాడు. తమ్ముడి మీద కప్పడానికి తెచ్చిన కొత్త పంచె ఆమె చంకలో ఉంది. సమాధుల దగ్గర నుంచి వచ్చినవాళ్ళు తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆమె అందరి ముఖాలూ చూసింది.

"పెట్టె యాడుండాది?" అంది.

యేసుప్రసాద్ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. దాసన్న అలాగే నిలబడిపోయి, "ఐదు గంటలంటిరి గదప్పా... ఐదు గంటలంటిరి గదా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

పొద్దున ఆయన ఆ పల్లె చేరేసరికి పదిన్నర. మార్తమ్మ పనిలోంచి వచ్చేసరికి పదకొండు. ఎప్పటిలాగే నీళ్ళడిగాడు. ఎండల సంగతి మాట్లాడాడు. సంగటి కలిపిచ్చి దగ్గర కూర్చుని తినిపించాడు. ఇటొచ్చే పదకొండున్నర బస్సు వెళ్ళిపోతున్న చప్పుడు ఆయనకు వినబడిందట. ఐదింటి దాకా టైముంది, ఒంటిగంట బస్సుకు పోదాం, ముసలామె కడుపు నిండా తిననీ అనుకున్నాడు.

మార్తమ్మ ఆయన వైపు తిరిగింది. "ఏం దాసా, నీకు నేనేం పాపం చేస్తిని? ఆ సంగటి నా మూతికి పెట్టకుండా వచ్చింటే నా తమ్ముని ముఖం చూసింటి గదరా!"

దాసన్న నేల మీద చతికిలబడ్డాడు. తప్పు ఆయనది కాదు, నాది. ఆ మాట అక్కడే అందరి ముందూ అనాల్సింది. దానికి బదులు బుద్ధిలేనిదాన్ని, ఫోను తీశాను.

"పెట్టె మూసేముందు ఫొటో తీసి గ్రూపులో పెట్టినాం పెద్దమ్మా. చూడు."

ఆమె ఫోనును రెండు చేతులా పట్టుకుని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. "తలకు ఇంత నూనె కూడా పెట్టలేదే మీరు" అంది. పంట పనులతో బండబారిన చేత్తో తమ్ముడి చెంప నిమిరింది. ముఖం పక్కకు జరిగిపోయింది. గ్రూపులో ఎవరో పెట్టిన పుట్టినరోజు కేకు వచ్చింది. ఆమె కంగారుగా మళ్ళీ నిమిరింది. గులాబీ పువ్వు, దాని కింద శుభోదయం.

"ఏందమ్మా ఇది? యాడికి పాయె? నా తమ్ముడు యాడికి పాయె?"

నేను చెయ్యి చాపాను. ఆమె నాకివ్వలేదు. నేల మీద కూర్చున్న దాసన్న ముందు వంగి, ఫోను ఆయన చేతుల్లో పెట్టింది. "నువ్వు చూపీ దాసా. ఒక్కసారి" అంది.

దాసన్న దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పాడు. పక్కనున్న మీట ఏదో నొక్కుకుంది, తెర నల్లబడిపోయింది.

"నాకు తెలీదక్కా" అన్నాడు.