మసారు గారికి పెట్టిన పెరుగన్నం

అందరికీ వందనాలు.

ఈ గ్రూపులో ఉదయం వాక్యం పెట్టడం తప్ప నేను ఇంకేమీ రాయనని మీకు తెలుసు.

ఈ రోజు రాస్తున్నాను. పోయిన మనిషి గురించి తెలుగులో రెండు మాటలు చెప్పగలిగినవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. రెండో మనిషి సుబ్బన్నకు రాయడం రాదు.

నిన్న గోంగూర ఒలుస్తుంటే రాయచోటి నుంచి సుబ్బన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. ఖతర్‌లో నేను పనిచేసిన ఇంటికి డ్రైవర్ ఆయన.

"కరుణమ్మా, మన మసారు పోయినాడంటమ్మా. మావాడు దోహా నుంచి పేపర్ ఫోటో పంపినాడు."

మళ్ళీ మళ్ళీ విన్నాను. ఆకు చేతిలోనే ఉండిపోయింది.

ఎవరికి ఫోన్ చేయాలి? జపాన్‌లో ఆ ఇంటివాళ్ళ నంబరు నాకు తెలియదు. తెలిసినా ఏ భాషలో ఏడవాలి?

మసారు గారు జపాన్ ఫుట్‌బాల్ ప్లేయర్. మొదట్లో పగలంతా ఫ్యాక్టరీలో పని, సాయంత్రం ఆ కంపెనీ టీమ్‌లో ఆట. వాళ్ళ దేశంలో ప్రొఫెషనల్ లీగ్ వచ్చాక ఆయనకు పేరొచ్చింది. తొంభైల్లో, ముప్పై దాటాక, ఖతర్‌లో ఒక క్లబ్ పిలిచింది. దోహా పక్కనే ముఐథర్‌లో ఇల్లిచ్చింది. ఆ ఇంట్లో వంటకీ పనికీ నన్ను పెట్టారు.

నాకప్పుడు ఇరవై దాటాయంతే. రాజోలులో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, "మసారు చాలా మంచోరమ్మా" అంటే, "మీ సారు మంచోరేలేవే, పేరేంటో చెప్పవేం?" అనేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఆయన బూట్లు మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. వెనక గుమ్మం దగ్గర పేపర్ పరుచుకుని, పాత టూత్‌బ్రష్‌తో మట్టి తీసి, పసిపిల్లకు స్నానం చేయించినట్టు తుడిచేవారు.

"నా చెప్పులు గూడా ఒకసారి సూడు సామీ, అవేం పాపం జేసినాయి?" అని సుబ్బన్న ఆటపట్టించేవాడు. ఆయనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా నవ్వేవారు.

మా ముగ్గురి మధ్యా భాష అంటే విరిగిన అరబ్బీయే. అందులోనూ నేను కొత్త. నాలుగు మాటలు వచ్చంతే.

కుడి మోకాలు ఆయన్ని ముందునుంచే బాధపెట్టేది. మ్యాచ్ అయ్యాక ఐస్ పెట్టుకుని కూర్చునేవారు. నేను వంటింటి తలుపు వేసుకుని ఆ మోకాలి కోసం ప్రార్థన చేసేదాన్ని.

ఒక శుక్రవారం టీవీలో మ్యాచ్ వస్తోంది. ఇస్త్రీ చేస్తూ చూస్తున్నాను. పరుగెత్తుతున్న మనిషి, ఎవరూ తగలకుండానే పడిపోయారు.

లేవలేదు. చేత్తో గడ్డిని కొడుతున్నారు.

ఇస్త్రీపెట్టె ఆపేసి మోకరించాను. అంతకంటే నేనేం చేయగలను?

ఆపరేషన్ చేసి ఇంటికి తెచ్చారు. ఆయనకు ఒకటే ఆశ, మళ్ళీ ఆడాలి. బూట్లు మంచం పక్కనే పెట్టించుకున్నారు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం క్లబ్ మేనేజర్ వచ్చాడు. పెద్ద వయసు అరబ్బాయన. మసారు గారు మాత్ర వేసుకుని నిద్రపోతున్నారు. లేపబోతే వద్దన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, నాతో అన్నాడు.

"దక్తర్ కలాం... కూరా మాఫీ. ఖలాస్."

కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

దక్తర్ కలాం అంటే డాక్టర్ చెప్పాడు. మాఫీ అంటే లేదు. ఖలాస్ అంటే అయిపోయింది. ఇవి నాకు వచ్చు. ఓహో, కూర పెట్టకూడదన్నమాట అనుకున్నాను. ఆపరేషన్ అయితే మనకూ పథ్యం ఉంటుంది కదా. కూర లేదంటేనే ఈ ముసలాయనకు ఇంత ఏడుపా, ఎంత తిండి ప్రాణమో అని నవ్వు కూడా వచ్చింది.

మసారు గారు లేచాక పెరుగన్నం కలిపి పట్టుకెళ్ళాను. ఇదేంటన్నట్టు చూశారు. నవ్వుతూ చెప్పాను.

"సార్, దక్తర్ కలాం. కూరా మాఫీ. ఖలాస్."

ఆయన ప్లేటు వైపు చూశారు. నా ముఖం వైపు చూశారు.

"ఖలాస్?" అన్నారు, మెల్లగా.

"ఖలాస్ సార్," అన్నాను, ధైర్యం చెబుతున్నట్టు.

వాళ్ళ పద్ధతిలో తల వంచి నాకు నమస్కారం చేశారు. మెతుకు మిగల్చకుండా తిన్నారు. ప్లేటు నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం సుబ్బన్న టీకి వస్తే పథ్యం సంగతి చెప్పాను. గ్లాసు కింద పెట్టేశాడు.

"అయ్యో తల్లీ! కూరా అంటే కూర కాదు. బంతి. వీళ్ళ అరబ్బీలో ఫుట్‌బాల్‌ను కూరా అంటారు. ఆయప్ప ఇంక ఆడేది లేదని చెప్పిపోయినాడమ్మా ఆ ముసలాయన!"

కడిగి బోర్లించిన ప్లేటు వైపు చూశాను.

ఫ్యాక్టరీ రోజుల నుంచీ ఆయన బతుకంతా ఆ బంతే. అది ఇక లేదన్న కబురు ఆయనకు మొదట చేరింది నా నోటి నుంచి, నవ్వుముఖంతో, పెరుగన్నం ప్లేటుతో.

ఓదార్చుదామంటే మాట లేదు. అయ్యో అనడం కూడా ఆయన భాషలో రాదు.

మర్నాడు చేపల పులుసు చేసి పెట్టాను. సుబ్బన్న అప్పటికే సంగతి చెప్పేసినట్టున్నాడు. ఆయన గిన్నె చూపించి, "కరుణా, కూరా?" అన్నారు.

తల ఊపాను.

"కూరా ఫీ!" అన్నారు. ఉంది, అని.

పకపకా నవ్వారు. అలా నవ్వుతూనే చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. లోపలికి వెళ్ళలేను. వెనక్కి రాలేను.

తర్వాత చేతికర్రలతో జపాన్ వెళ్ళిపోయారు. మళ్ళీ ఆడలేదు. అక్కడ బడిపిల్లలకు ఆట నేర్పేవారని సుబ్బన్న ఎప్పుడో చెప్పాడు.

ఆ మోకాలి కోసం చేసిన ప్రార్థనలు ఏమయ్యాయని దేవుణ్ణి నేను అడగలేదు. అప్పుడు ధైర్యం లేదు. ఇప్పుడూ లేదు.

ఆయనకు పిల్లలున్నారట. నాన్నకు ఆ మాట ఎవరో పెద్ద డాక్టర్ చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పి ఉంటారని వాళ్ళు అనుకుంటూ ఉండొచ్చు. అలాగే అనుకోనివ్వండి.

ఈ రోజుల్లో ఫోన్లో ఏ భాషైనా ఏ భాషలోకైనా మారిపోతోంది. అందుకే దీన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. మీ దగ్గర ఉంచుకోండి, చాలు. బయట చూపించకండి.

వెళ్ళి రండి సార్. మీకు ప్రభువు నెమ్మది ఇవ్వాలి.