ఫాయిల్‌ను గెలిపించడానికి ఎల్లారెడ్డి దాకా

కామారెడ్డిలో మేం కొందరం ఆదివారాలు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఆడుతాం. కత్తి యుద్ధాల నియమాలు రాసింది నేనే. వాటిలో నరికే కత్తి సేబర్‌దే రాజ్యం. పొడిచే సన్న కత్తి ఫాయిల్ పట్టిన మా లావణ్య ప్రతివారం ఓడిపోయేది. "ఇంకొక్కసారి ఓడితే నేను రాను, సాఫ్ చెప్తున్న" అంది. ఆమె లేకపోతే మా ఆటకు ఉప్పూ కారం ఉండదు! అందుకే ఆమెనే వెంటేసుకుని, ఒకప్పుడు ఫెన్సింగ్ అనే కత్తి పోటీలాడిన, ఎల్లారెడ్డిలో ఉండే వ్యాయామ టీచర్ స్వరూపక్క దగ్గరికి బయలుదేరాను.

పొద్దున ఎనిమిదికి కామారెడ్డి బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఎల్లారెడ్డికి గంటకు పైనే పడుతుంది. కత్తులకు బదులు మేం పట్టుకెళ్తున్న వెదురు కర్రలు చూసి కండక్టర్ నవ్వాడు. "ఏంది చెల్లె, కొట్లాటకు పోతున్నరా?"

"అవునన్నా, మేమిద్దరమే కొట్లాడుకుంటం!" అంది లావణ్య. వెనక సీట్లవాళ్లూ నవ్వారు.

స్వరూపక్క ఉప్మా పెడుతూనే అడిగింది. "ఇద్దరికీ ఒక్కసారే తగిలితే పాయింటు ఎవరికిస్తున్నవ్?"

"ఎక్కువ గాయం చేసినోళ్లకు."

"గట్లయితే ఫాయిల్ ఎన్నడు గెలుస్తది పిల్లా! ముందు దాడికి పోయినోళ్లదే పాయింటు. అవతలోళ్లు అడ్డుకుంటే, ఇగ వంతు వాళ్లది."

వాకిట్లో కర్రలతో ఆడించి చూపింది. అబ్బ, ఇంతేనా అని గంతేశాను! వెంటనే పాచికలు తీశాం, ఆమెకు ఫాయిల్, నాకు సేబర్. తేలిక కత్తి కాబట్టి ప్రతిసారీ ముందు దూకేది ఫాయిలే. లావణ్య వరుసపెట్టి గెలిచింది. నేను సంబరపడుతుంటే ఆమె మూతి ముడిచింది.

"గిట్ల గెలిస్తే ఏం మజా? నువ్వు కావాల్నని ఓడినట్టుంది."

అక్క తన ఛాతీ నుంచి నడుము దాకా చేత్తో చూపింది. "ఫాయిల్ మొండెం మీద తగిలితేనే లెక్క పెట్టుండ్రి. సేబర్‌కు తల, చేతులు గూడ లెక్కే."

మళ్లీ ఆడాం. చివరి పాయింటు దాకా ఇద్దరం సమానం. ఆఖరి పాచిక నాకు అనుకూలంగా పడింది. లావణ్య ఓడిపోయింది. అయిపోయింది, ఇక రాదు అనుకుని తల దించుకున్నాను. ఆమె పాచికలు లాక్కుంది. "ఆగు, నీ అడ్డు ఎట్ల దాటాల్నో తెలిసింది. ఇంకొకటి!"

ఏ కత్తికి ఎంత గాయమో ఆ అంకెలే ఇన్నాళ్లూ ఎన్నిసార్లు దిద్దానో! ఓడినవాళ్లకు మళ్లీ ఆడాలనిపిస్తేనే ఆట తూకం కుదిరినట్టని ఆ వాకిట్లోనే తెలిసింది. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, ఎల్లారెడ్డిలో దిగగానే తిరుగు బస్సుల వేళలు అడిగి పెట్టుకోండి. మేమూ అడిగాం. రెండు బస్సులు వెళ్లిపోయాయి, పాచికల ముందు నుంచి లావణ్య లేవలేదు.