పడుగు పట్టిన ఆదివారం

ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు మా ఆవిడ ఇంటికి తాళం వేసి, లాగి చూసి, రెండడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసింది. అప్పుడు మేం ఆదోనిలో ఉండేవాళ్లం. ఆమె బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేది, నేను కళాశాలలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఆమె చేతిలో సంచీ, నా భుజాన టేపురికార్డరు. ఎమ్మిగనూరు మొదటి బస్సుకు బయలుదేరాం.

ఆమె చనిపోయాక పలకరించడానికి వచ్చినవాళ్లు ఆమె పరిశోధన గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు, నేనూ తల ఊపాను. ఆ మాటల్లో మాత్రం ఆమె నాకు కనబడలేదు. తాళం రెండోసారి లాగి చూసే మనిషి నాకు తెలుసు. కనుక ఆ ఆదివారం గురించి రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట. ఉద్యోగం చేసుకుంటూనే ఆమె విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర పరిశోధనకు చేరింది. ఎమ్మిగనూరు నేతగాళ్ల వాడుక భాష ఆమె విషయం. మగ్గం సామాన్ల పేర్లు, పనుల పేర్లు మొదటి ఏడాదే రాసుకుంది. అంతవరకు ఇబ్బంది లేదు. ఆమెకు మార్గదర్శకులైన ఆచార్యులకు అది చాలలేదు. నేతగాళ్లు తమలో తాము మాట్లాడుకునే మాట టేపు మీద కావాలన్నారు. శాఖలో ఉన్న క్యాసెట్ రికార్డరు ఇచ్చి పంపారు. దాని బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే మోసేది నేనే.

ఎమ్మిగనూరులో మాకు పరిచయమైన ఇల్లు ఒకటుండేది. ఇంటి పెద్ద ఒక అవ్వ. కొడుకు, గోనెగండ్ల నుంచి వచ్చిన కోడలు, రెండు గుంట మగ్గాలు. మేం మొదటిసారి రికార్డరు తీసుకుపోయిన రోజు అవ్వ దాన్ని పీట మీద పెట్టించి, పసుపు కుంకుమ పెట్టింది. పనిముట్టు ఇంట్లోకి వస్తే వాళ్లు అట్లాగే చేస్తారు. ఆ తర్వాత మాకు మర్యాదగా రెండు మగ్గాలూ ఆపించి, నెత్తిన కొంగు కప్పుకుని, పెట్టె ముందు కూర్చుని మొదలుపెట్టింది.

"మేము ఉదయముననే లేచి స్నానము చేసి దైవప్రార్థన చేయుదుము. తదుపరి వస్త్రములు నేయుదుము."

రేడియోలో వార్తలు చదివినట్టు చదివేసింది. మీట నొక్కి ఆపగానే కోడలు వంటింట్లోంచి అంది: "దైవప్రార్థన యానాడు చేసినావత్తా? లేస్తానే నా మీద అరుస్తావు గదా!"

ఆ మాట టేపు మీద పడి ఉంటే మా పని నెరవేరేది. పడలేదు.

మరోసారి పోయినప్పుడు మగ్గాలు ఆపొద్దని మా ఆవిడ బతిమాలింది. ఆపలేదు. ఆచార్యులు ఆ టేపు విని, "మగ్గం బాగా మాట్లాడుతోందమ్మా, మనుషులు ఎక్కడ?" అన్నారు. రికార్డరు మీద కుంకుమ ఏమిటని కూడా అడిగారు. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. రానున్న పరిశోధక విద్యార్థుల సదస్సులో సహజమైన సంభాషణ వినిపించగలిగితే సరి, లేకపోతే విషయం మార్చుకుని శాసనాల భాష మీద పనిచేయాలి. శాసనాలైతే ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, బస్సులు ఎక్కనక్కరలేదు. ఆయన ఆమె మేలు కోరే అన్నారు.

బయటికి వచ్చాక, "శాసనాలకేం, మంచివేగా?" అన్నాను. చరిత్ర చెప్పుకునేవాణ్ణి, నాకవి ఇష్టం.

"శాసనం నాకు ఎదురు చెప్పదండీ," అంది. "నాకు ఎదురు చెప్పేవాళ్లు కావాలి."

ఈ విషయం చేయి జారితే ఆమె ఇంకే విషయమూ తీసుకోదని నాకు అప్పుడు అర్థమైంది.

సదస్సుకు ముందు మిగిలిన చివరి ఆదివారం అది. మామూలుగా మేం పది గంటల బస్సుకు పోయేవాళ్లం. తెల్లవారుజామున నేతగాళ్ల వీధిలో పడుగు పని జరుగుతుంది. మగ్గానికి ఎక్కించాల్సిన నిలువు పోగుల్ని వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఎండ ముదిరేలోపు ముగించాలి. ఆ వేళ అడ్డం పడకూడదని మేం ఆలస్యంగా పోయేవాళ్లం. మా కోసం వాళ్లు మగ్గాలు ఆపి కూర్చునేవాళ్లు, ఆపొద్దంటే మగ్గం చప్పుడే మిగిలేది. మా మర్యాద, వాళ్ల మర్యాద కలిసి టేపులన్నీ చెడగొట్టాయి. ఈసారి ఆమె మర్యాద వదిలేసింది.

మేం పోయేసరికి వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు పడుగు చాచి ఉంది. అవ్వ చేతిలో గంజి కుండ. కొడుకు ఆ కొసన, కోడలు మధ్యలో కుంచెతో. నలుగురు ఇరుగుపొరుగువాళ్లు తలో చెయ్యి వేస్తున్నారు. అవ్వ నన్ను చూసి, "ఏమి సారూ, ఇంత పొద్దున్నే వచ్చినారు? కోడిని గూడా మీరే లేపినారా?" అంది. అంతే, ఆ పూటకు మర్యాద అక్కడితో అయిపోయింది. ఈ కొసన పట్టుకోవాల్సిన పక్కింటాయన జ్వరమని రాలేదట.

"నిలబడి సూస్తాండావేమప్పా, ఈ కొస పట్టు."

పట్టుకున్నాను. చేతులు ఖాళీ లేవు కాబట్టి రికార్డరు తోలుపట్టీతో మెడకు వేలాడుతోంది. మా ఆవిడ వచ్చి నా రొమ్ము మీది మీట నొక్కి, "అవ్వా, పెట్టె తిరుగుతాంది, నీ మాటలు పడతాయి," అని గట్టిగా చెప్పింది.

"తిరగనీలేమ్మా. ఆడ పోగు తెగింది, సూడు ముందు!"

గంజి ఆరిపోతుంటే పెట్టెకు మర్యాద చేసే తీరిక ఎవరికుంటుంది? నేను కొంచెం సడలించినట్టున్నాను, అవ్వ కేక వేసింది.

"బిగిచ్చి పట్టప్పా! అది పడుగు, పెండ్లాం కొంగు గాదు!"

"కొంగైతే ఇంగా బిగ్గున పడతాడు లే అత్తా," అంది కోడలు కుంచె ఆపకుండా.

"సదువు ఆయమ్మది, మోత ఆయప్పది. బాగుండాది కాపురం!" అన్నాడు పొరుగింటి ముసలాయన.

"మాయప్పకు గూడా సెప్పండి ఈ సంగతి. సెంబు నీళ్లు మోయడు," అంది కోడలు, మొగుడి వైపు గడ్డం ఎత్తి.

"నాకు ఇనపడతాంది!" అని ఆ కొస నుంచి కొడుకు.

"ఇనపడల్లనే సెప్తాండా!"

మా ఆవిడ అరుగు మీద కూర్చుని నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా ముక్కు దురద పెడుతోంది, గోక్కునే వీలు లేదు. క్యాసెట్ ఒక పక్క అయిపోతే తనే వచ్చి తిప్పి వేసింది. ఎండ ఎక్కేసరికి పడుగు చుట్టేశారు. నా అరచేతులు గంజితో అట్టకట్టాయి. ఆ టేపు సదస్సులో వినిపించవచ్చా అని ఆమె అందరినీ అడిగింది. "వినిపించుకోమ్మా, మేమేమన్నా దొంగతనం సేసినామా?" అంది అవ్వ.

సదస్సు రోజు ఉప్మా, కాఫీ, గుండీ దగ్గర గుచ్చుకోవడానికి పేరు రాసిన అట్టముక్క. నేను చివరి వరుసలో కూర్చున్నాను. ఆమెకు ముందు మాట్లాడిన పెద్దమనిషి గంట కొట్టినా ఆగలేదు. ఆమె వంతు వచ్చేసరికి అధ్యక్షులు గడియారం చూసి, "క్లుప్తంగా ముగించండమ్మా," అన్నారు. భోజనం వేళ దగ్గరపడింది. వ్యాసం చదివితే టేపుకు సమయం ఉండదు, టేపు వేస్తే వ్యాసానికి ఉండదు. ఆ వ్యాసం కోసం ఆమె ఎన్నో రోజులు కూర్చుంది. కాగితాలు మడిచి పక్కన పెట్టి, మీట నొక్కింది.

ముందు కుంచె గీకుడు వినబడింది. తర్వాత అవ్వ గొంతు. పెండ్లాం కొంగు దగ్గర ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. చెంబు నీళ్ల దగ్గరకు వచ్చేసరికి హాలంతా నవ్వుతోంది. టేపులో ఏ భాగం వినిపించబోతోందో ఆమె నాకు చెప్పలేదు.

ఆచార్యులు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు: "పడుగు పట్టుకున్న ఆ మహానుభావుడు ఎవరమ్మా?"

"అదిగోండి, చివరి వరుసలో ఉన్నారు."

అందరూ వెనక్కి తిరిగారు. నేను లేచి నమస్కారం పెట్టాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

"శాసనాల మాట ఇక ఎత్తను," అన్నారు ఆచార్యులు. "ఇదే పూర్తి చెయ్యి."

తిరుగు రైల్లో ఆమె చదవని వ్యాసాన్ని మొదటి నుంచి చివరి వరకు నాకు చదివి వినిపించింది. ఎదురు సీటులో వేరుశనగకాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన కూడా విన్నాడు. గుంతకల్లు వచ్చాక బాగుందన్నాడు.

తర్వాతి వారం ఎమ్మిగనూరు పోయి అవ్వకు ఆ టేపు వినిపించాం. అవ్వ ముఖం ముడుచుకుంది.

"ఇది నేను గాదు. నేనిట్ల మాట్లాడతానా? ఆ మొదుటిది యాడ పోయ? దాంట్లో బాగా మాట్లాడినానే. ఆ సార్లకు అది వినిపీలేదా?"

"అదీ దాచినాను అవ్వా," అంది మా ఆవిడ. నిజమే, దాచింది. రెండు క్యాసెట్లూ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి, వినడానికి యంత్రం లేదు.

పరిశోధన ఎనభైల మొదట్లో ముగిసింది. పట్టా వచ్చాక కూడా ఆమె ఆ వీధికి పోవడం మానలేదు. పని లేకపోయినా మొదటి బస్సుకే పోయేది. నేనూ పోయేవాణ్ణి. పక్కింటాయనకు జ్వరం తగ్గినా ఆ కొస నాకే ఇచ్చేవాళ్లు. సరిగా పట్టడం నాకు చివరిదాకా రాలేదు, వాళ్లు తిట్టడం మానలేదు, ఆమె అరుగు మీద కూర్చుని వినేది. ఆ ఎనభైలు ముగిసేలోపే గంజి పట్టించి, చుట్టి సిద్ధం చేసిన పడుగు బయటి నుంచి రావడం మొదలైంది. తర్వాత ఒక మగ్గం తీసేశారు, అవ్వ పోయింది.

పోయిన నెల ఎమ్మిగనూరులో పని ఉండి ఆ వీధికి పోయాను. కోడలు గుర్తుపట్టి, "ఆయమ్మ రాలేదా అప్పా?" అంది. చెప్పాను. అరుగు మీద చాప వేసి కూర్చోమంది. ఎండ ఎక్కేదాకా కూర్చున్నాను. ఆ వీధిలో ఇప్పుడు పడుగులు చాచరు.